మీకు తెలుసా? రెండు నిమిషాల విమానయానం

ప్రపంచంలో అతి తక్కువ దూరం నడిచే షెడ్యూల్డ్ విమాన సర్వీసులో ప్రయాణ సమయం రెండు నిమిషాలే. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు నడిచే ఈ సర్వీసు దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. శంషాబాద్ విమానాశ్రయంలోని ప్రధాన రన్‌వే ఒక్కటే 4.26 కిలోమీటర్లు ఉంటుంది. అంటే ఈ ప్రయాణం మొత్తం ఆ రన్‌వే పొడవులో మూడింట రెండు వంతులకు కూడా రాదు!

టైంటేబుల్‌లోని రెండు నిమిషాల్లో విమానం రన్‌వే మీదికి వెళ్లే సమయమూ కలిసి ఉంటుంది. గాలిలో ఉండేది చాలాసార్లు ఒకటిన్నర నిమిషం లోపే. అన్నీ అనుకూలించిన రోజున 53 సెకన్లలో చేరిన రికార్డు ఉంది.

లోగన్‌ఎయిర్ సంస్థ 1967 నుంచి ఈ సర్వీసు నడుపుతోంది. వాడేది రెండు ప్రొపెల్లర్ల బ్రిటన్-నార్మన్ ఐలాండర్ విమానం. పైలట్ ఒక్కరే, ప్రయాణికులు ఎనిమిది మందికి మించరు. రికార్డు కోసం ఎక్కే పర్యాటకులు ఉన్నా, దీని అసలు విలువ స్థానికులకే తెలుసు. వంద మంది కూడా లేని పాపా వెస్ట్రేకు టీచర్లు, వైద్య సిబ్బంది వచ్చేది, అక్కడి రోగులు బయటి ఆసుపత్రులకు వెళ్లేది ఎక్కువగా ఈ చిన్న విమానాల్లోనే.