రెండున్నర రూపాయలతో మొదలైంది.. వేల మందిని చదివిస్తోంది!

బతుకమ్మ దగ్గర పడుతోందంటే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. 'ఈసారి మనమే పండగ బజార్ పెడదాం. వచ్చిన పైసలు ఏదైనా మంచి పనికి ఇద్దాం'. వెంటనే వరసగా థంబ్స్ అప్‌లు, దండాలు, పువ్వుల ఎమోజీలు. అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ 'మంచి పని' ఏంటి? లెక్క ఎవరు చూస్తారు? ఈ రెండింటికీ జవాబు దొరక్కముందే పండగ వచ్చేస్తుంది, వెళ్లిపోతుంది కూడా.

ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద వెళ్తుంటే అన్నోజిగూడ, పోచారం, ఘట్‌కేసర్ దాకా కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన వాళ్లు ఇక్కడ పక్కపక్కన ఉంటున్నారు. ఒకరితో ఒకరికి పరిచయం కావాలంటే పండగ బజార్‌ను మించింది లేదు. సరదా ఉంటుంది, నాలుగు స్టాళ్ల వాళ్లకు బేరమవుతుంది, ఎవరికో ఒకరికి సాయమూ అందుతుంది. మరి ఆ సాయం ఒక్క ఏడాది ఫొటోతో ఆగిపోకుండా ఏటా సాగాలంటే ఎలా? జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన నగరంలోనే, నాంపల్లిలో ఉంది. అదే నుమాయిష్!

సర్వే కోసం పెట్టిన అంగడి

నుమాయిష్ అంటే మనకు జెయింట్ వీల్, మిర్చి బజ్జీలు, కశ్మీరీ శాలువాలు, లఖ్‌నవూ చికన్ కుర్తాలు, గాజులు. కానీ ఇది పుట్టింది షాపింగ్ కోసం కాదు. 1938లో ఉస్మానియా యూనివర్సిటీలో చదివి బయటికొచ్చిన కొందరు గ్రాడ్యుయేట్లకు ఒక ఆలోచన వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో ప్రజల ఆర్థిక పరిస్థితి ఎలా ఉందో సర్వే చేయాలి. దానికి డబ్బు కావాలి. చందాల కోసం తలుపులు తట్టే బదులు, స్థానికంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే ఎలా ఉంటుంది అనుకున్నారు.

అలా పబ్లిక్ గార్డెన్స్‌లో 'నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ' మొదలైంది. అంటే స్థానిక వస్తువుల ప్రదర్శన అన్నమాట. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. అప్పటి పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు. జనం పెరిగారు, గార్డెన్స్ చాల్లేదు. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. దేశ స్వాతంత్ర్యం, హైదరాబాద్ విలీనం నడిచిన 1947, 1948 సంవత్సరాల్లో జరగలేదు. 1949లో అప్పటి గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. పేరు కూడా 'ఆలిండియా ఇండస్ట్రియల్ ఎగ్జిబిషన్' అయింది. పేరు మారినా జనం నోట్లో మాత్రం ఇప్పటికీ నుమాయిషే!

మీ టికెట్ ఎక్కడికి పోతోంది?

గేటు దగ్గర టికెట్ కొంటాం, లోపలికి వెళ్తాం, ఆ ముక్కను జేబులో మర్చిపోతాం. అసలు కథ అక్కడే ఉంది. ఈ ప్రదర్శనను నడిపేది ఎగ్జిబిషన్ సొసైటీ. టికెట్ల మీద, స్టాళ్ల అద్దెల మీద ఖర్చులు పోగా మిగిలింది విద్యాసంస్థలకు వెళ్తుంది. సొసైటీ కింద ఇరవై దాకా విద్యాసంస్థలు నడుస్తున్నాయి. వేల మంది చదువుతున్నారు. వాటిలో ఎక్కువ అమ్మాయిల కోసం పెట్టినవే.

మైదానం పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఈ కోవలోవే. మారేడ్‌పల్లిలోని కస్తూర్బా గాంధీ మహిళా కాలేజీ కూడా అంతే. మన తూర్పు వైపు వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే దారిలో తార్నాక వస్తుంది కదా. అక్కడున్న సరోజినీ నాయుడు వనితా ఫార్మసీ మహావిద్యాలయ కూడా ఈ సొసైటీదే. అంటే మీరో, మీ నాన్నో ఎప్పుడో కొన్న నుమాయిష్ టికెట్‌లో ఒక చిన్న ముక్క అక్కడి ల్యాబ్‌లోనో, క్లాస్‌రూమ్‌లోనో ఉందన్నమాట.

ఎనభై ఏళ్లు దాటినా ఎందుకు ఆగలేదు?

మొదటి కారణం, అది ముందు అంగడి, తర్వాతే దానం. నుమాయిష్‌కు ఎవరూ 'అయ్యో పాపం' అనుకుంటూ పోరు. బేరమాడటానికి పోతారు, తినడానికి పోతారు, పిల్లల్ని టాయ్ ట్రైన్ ఎక్కించడానికి పోతారు. వెయ్యికి పైగా స్టాళ్లు ఉంటాయి. వస్తువు బాగుంటేనే మళ్లీ వస్తారు. జాలి మీద నడిచే అంగడి ఒక్క ఏడాది నడుస్తుంది. సరుకు మీద నడిచేది ఏటా నడుస్తుంది.

రెండోది తేదీ. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. క్యాలెండర్ చూడకుండానే హైదరాబాదీలకు తెలుసు. కశ్మీర్ నుంచి వచ్చే వ్యాపారి కూడా ఆ తేదీని నమ్ముకునే సరుకు సిద్ధం చేసుకుంటాడు. మధ్యలో ఒక రోజు ఆడవాళ్లకే ప్రత్యేకం, ఇంకో రోజు పిల్లలకు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. డబ్బుకు ఒక అడ్రస్ ఉంది. 'ఏదో మంచి పని' కాదు, చదువు. బోర్డు, భవనం, విద్యార్థులు కళ్ల ముందు కనిపిస్తారు. అనుమానం వచ్చినవాళ్లు నేరుగా వెళ్లి చూసి రావచ్చు.

ఆ రాత్రి నేర్పిన పాఠం

అలాగని అన్నీ తీపి జ్ఞాపకాలే కాదు. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచాయి. వరసగా ఉన్న తాత్కాలిక స్టాళ్లు, లోపల బట్టలు. చూస్తుండగానే నిప్పు పాకింది. జనం పరుగులు తీశారు. ప్రాణాలు పోలేదు కానీ పెద్ద సంఖ్యలో స్టాళ్లు బూడిదయ్యాయి. సీజన్ మొత్తానికి తెచ్చుకున్న సరుకు పోయి చిన్న వ్యాపారులు రోడ్డున పడ్డారు. నష్టపరిహారం కోసం ఆందోళన చేశారు. ఆ తర్వాత మైదానంలో అగ్నిమాపక ఏర్పాట్లు పెంచారు.

తర్వాత కరోనా. 2021లో నుమాయిష్ జరగనే లేదు. 2022లో జనవరి 1న తెరిచి, కేసులు పెరగడంతో వెంటనే మూసేశారు. మళ్లీ ఫిబ్రవరి 25న తెరిచారు. అంగడి ఆగితే దాని మీద ఆధారపడ్డ సాయమూ ఆగుతుంది. అందుకే అమ్ముకునేవాళ్ల భద్రత అంటే అది దానం కన్నా వేరే విషయం కాదు, దానికి పునాది.

మన కాలనీకి వద్దాం

నుమాయిష్ అంత పెద్దది మనకు అక్కర్లేదు. కమ్యూనిటీ హాల్ ముందున్న ఖాళీ జాగా చాలు. కానీ లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. ఊరికే ఒక ఉదాహరణ చూద్దాం.

ఇరవై ఐదు స్టాళ్లు పెట్టారనుకోండి. పదిహేను స్టాళ్లకు తలా వెయ్యి అద్దె తీసుకున్నారు, అది 15 వేలు. పది స్టాళ్లు మహిళా సంఘాలకు, చేతివృత్తుల వాళ్లకు ఉచితంగా ఇచ్చారు. ఆటల స్టాల్‌లో 20 రూపాయల టికెట్లు 400 అమ్ముడయ్యాయి, అది 8 వేలు. మొత్తం 23 వేలు. ఇక ఖర్చు: షామియానా, టేబుళ్లకు 9 వేలు, లైట్లు, జనరేటర్‌కు 4 వేలు, మైక్‌కు 2 వేలు, మరునాడు ఊడ్చి శుభ్రం చేసినవాళ్లకు వెయ్యి. మొత్తం 16 వేలు. చేతిలో మిగిలింది 7 వేలే!

ఇప్పుడు పోస్టర్ మీద '23 వేలు సేకరించాం' అని రాసి, ఏడు వేలు ఇస్తే ఏమవుతుంది? వచ్చే ఏడాది మీ మెసేజ్‌కు థంబ్స్ అప్‌లు రావు. అదే ముందే లెక్క పెట్టి, షామియానా ఖర్చు లోకల్ షాపు వాళ్లను భరించమని అడిగారనుకోండి. వాళ్ల పేరు బ్యానర్ మీద వేస్తారు, సాయం 16 వేలవుతుంది. జనం మారలేదు, స్టాళ్లు పెరగలేదు, ఒక్క ఖర్చు తగ్గింది అంతే.

ఇంకో మాట. గునుగు పూలు, తంగేడు పూలు అమ్ముకునే అవ్వ దగ్గర స్టాల్ అద్దె తీసుకుని, దాన్ని 'పేదల సాయం' అనడం ఏం బాగుంటుంది? ఆమెకు జాగా ఉచితంగా ఇవ్వడం కూడా సాయమే. ఉప్పల్ భగాయత్‌లోని మినీ శిల్పారామంలో చూడండి, కళాకారులు మధ్యలో దళారీ లేకుండా నేరుగా అమ్ముకుంటారు. మాదాపూర్ దగ్గర ఇందిరా మహిళా శక్తి బజార్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలు తమ వస్తువులు తామే అమ్ముతున్నారు. బేరమే పెద్ద సాయం అని ఈ రెండూ చెబుతాయి.

సీజన్ కూడా కలిసొస్తుంది. ఏటా అక్టోబర్ 2 నుంచి 8 దాకా దేశమంతా 'దాన్ ఉత్సవ్' జరుగుతుంది. 2009లో మొదలైన ఈ వారం తరచూ బతుకమ్మ, దసరా రోజులకు దగ్గర్లోనే పడుతుంది. రెండూ కలిపి ప్లాన్ చేసుకోవచ్చు.

బజార్‌కు ముందు ఇవి చూసుకోండి

• సాయం ఎవరికో ముందే తేల్చండి. పోస్టర్ మీద పేరు ఉండాలి. స్వచ్ఛంద సంస్థ అయితే నీతి ఆయోగ్ నడిపే 'ఎన్జీవో దర్పణ్' పోర్టల్‌లో దాని వివరాలు వెతకండి.

• క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తోందో చూడండి. ఒకరి సొంత ఖాతా కన్నా కాలనీ సంఘం ఖాతా నయం. ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా అయితే ఇంకా నయం.

• టికెట్ కొన్నా, గాజులు కొన్నా అది విరాళం కాదు, కొనుగోలే. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు నేరుగా విరాళం ఇచ్చి రసీదు తీసుకోవాలి. రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి ఆన్‌లైన్‌లో పంపడమే మేలు.

• డబ్బులు తీసుకుని లక్కీ డ్రా పెట్టాలనుకుంటే ఆగండి. అది లాటరీ కిందికి వచ్చి చట్టపరమైన చిక్కులు తేవచ్చు. ఆటల పోటీలు పెట్టుకోండి.

• నూనె పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు ఉన్న స్టాళ్లను బట్టల స్టాళ్లకు దూరంగా పెట్టండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పది ప్లగ్గులు వద్దు. అంబులెన్స్, ఫైరింజన్ వచ్చేంత దారి వదలండి.

• తినుబండారాల స్టాల్ వాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. రాత్రి 10 దాటితే మైక్ కట్టేయాల్సిందే.

• బజార్ అయిన వారంలోపు లెక్క గ్రూపులో పెట్టండి. వచ్చింది, ఖర్చయింది, ఇచ్చింది, రసీదు ఫొటో. నాలుగు లైన్లు చాలు.

ఒకసారి వెళ్లి చూసి రండి

ఈ జనవరిలో నుమాయిష్‌కు వెళ్తే ఈసారి కొంచెం వేరే కళ్లతో చూడండి. అన్నోజిగూడ నుంచి బస్సులో ఉప్పల్ చేరుకుని, మెట్రో బ్లూ లైన్‌లో అమీర్‌పేట వెళ్లి, అక్కడ రెడ్ లైన్‌లోకి మారితే నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లలో ఎక్కడ దిగినా సరిపోతుంది. స్టాళ్ల వరసలు ఎలా పెట్టారు, మధ్యలో ఎంత దారి వదిలారు, నిప్పు ఆర్పే పరికరాలు ఎక్కడున్నాయి, ఏ స్టాల్ దగ్గర జనం ఆగుతున్నారు, ఇవన్నీ గమనించండి. ఫోన్‌లో నోట్ చేసుకోండి. దసరా బజార్‌కు మీ టీమ్‌కు పనికొచ్చే పాఠం అది.

1938లో దాన్ని మొదలుపెట్టింది పెద్ద వ్యాపారులు కాదు, అప్పుడే యూనివర్సిటీ దాటిన కుర్రాళ్లు. వాళ్ల దగ్గర ఎక్కువ డబ్బు లేదు. కానీ ఆ డబ్బు దేనికో వాళ్లకు మొదటి రోజు నుంచే తెలుసు. మీ కాలనీ గ్రూపులో ఈసారి మెసేజ్ పెట్టేటప్పుడు 'ఏదైనా మంచి పని' అన్న చోట ఒక పేరు రాయండి. మిగతాది బజారే చూసుకుంటుంది!