‘చూస్తామండి’ అంటే ఔనా, కాదా?

విదేశీ క్లయింటుతో ఎలా మసలుకోవాలో మన ఉద్యోగులకు నేర్పుతున్నారు. మరి అవతలివారికి?

శుక్రవారానికి పని పూర్తవుతుందా అని అమెరికా నుంచి క్లయింటు అడుగుతాడు. కాదని హైదరాబాద్‌లో స్పీకర్ ఫోన్ చుట్టూ కూర్చున్న నలుగురికీ తెలుసు. అయినా టీమ్ లీడర్ నోట వచ్చే మాట ‘వీ విల్ ట్రై’. మన ‘చూస్తామండి’కి అది ఇంగ్లిషు వేషం. చేబదులు అడిగినప్పుడు ఆ మాట వినిపిస్తే డబ్బు రాదని మనకు ఇట్టే తెలిసిపోతుంది. అమెరికన్‌కు తెలియదు. శుక్రవారమని రాసుకుంటాడు. సోమవారం ఘాటైన ఈమెయిల్ వస్తుంది. అప్రైజల్‌లో దెబ్బతినేది టీమ్ లీడరే.

ఇలాంటి అపార్థాలను తప్పించేందుకు బహుళజాతి కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు ఇప్పించేదే క్రాస్ కల్చరల్ ట్రైనింగ్. అది మొదట పుట్టింది కంపెనీల్లో కాదు. 1950ల తొలి ఏళ్లలో వాషింగ్టన్‌లోని ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో దౌత్య సిబ్బందికి పాఠాలు చెప్పిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్, పరాయి దేశంలో నెగ్గుకు రావడానికి భాష ఒక్కటే చాలదని గుర్తించారు. మౌనం, మనిషికీ మనిషికీ మధ్య ఎడం, సమయపాలన కూడా మాట్లాడతాయని 1959లో వచ్చిన ‘ది సైలెంట్ లాంగ్వేజ్’లో వివరించారు. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ అయితే ఐబీఎం ఉద్యోగుల సర్వేలు ఆధారంగా 1980లో దేశాలకు మార్కులే వేశారు. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య అంతరాన్ని సహజమనుకోవడంలో భారత్‌కు 77, అమెరికాకు 40. శిక్షకులకు ఈ అంకెలంటే మహా ప్రీతి. ఒక కంపెనీ సిబ్బంది జవాబులతో దేశం స్వభావాన్ని తేల్చేయవచ్చా అన్న విమర్శను ప్రస్తావించేవారు తక్కువ.

మన దగ్గర ఈ శిక్షణ జోరందుకున్నది 2000ల తొలినాళ్ల కాల్ సెంటర్లలో. యాస సవరించారు, చాలామందికి అమెరికన్ పేర్లూ పెట్టారు. తర్వాత ఐటీ కంపెనీల వంతు. ఉపయోగం లేదనలేం. గడువు అందదని మూడు రోజుల ముందే చెబితే క్లయింటు నొచ్చుకోడని తెలియడం చిన్న విషయం కాదు. కానీ టీమ్ లీడర్ నోరు మెదపనిది సంస్కృతి వల్లేనా? కాంట్రాక్టు చేజారుతుందేమోనన్న బెంగ, ఆన్‌సైట్ అవకాశం పోతుందన్న భయం ఉండవా? భయానికి సంస్కృతి అని పేరు పెడితే ఆ శిక్షణతో అది పోదు.

పని ఇచ్చేవారే పద్ధతి తెచ్చిన సందర్భమూ ఉంది. 1983లో గుర్గావ్‌లో తొలి కారు తయారైన మారుతిలో జపాన్ భాగస్వామి సుజుకి, మేనేజర్‌కూ కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ ప్రవేశపెట్టింది. గదుల్లేని ఆఫీసు కట్టించింది. అధికారి గది ముందు బంట్రోతు నిలబడే దేశంలో అది సాహసమే. అయితే అదే కంపెనీ మానేసర్ ప్లాంటులో 2011లో సమ్మెలు జరిగాయి. 2012 జూలై 18న చెలరేగిన హింసలో హెచ్‌ఆర్ జనరల్ మేనేజర్ ప్రాణాలు కోల్పోయారు. పక్కపక్కనే పనిచేసే పర్మనెంట్, కాంట్రాక్టు కార్మికుల జీతాల్లో తేడా అప్పటి ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. యూనిఫాం ఒక్కటే గానీ జీతం చీటీలు వేరు.

ఎవరు ఎవరికి సర్దుకుంటున్నారో తెలుసుకోవడానికి గడియారం చూస్తే చాలు. వేసవిలో కాలిఫోర్నియాలో ఉదయం పది గంటలైతే హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర. క్లయింటు ఆఫీసుకొచ్చి కాఫీ తాగుతూ మీటింగ్ మొదలుపెడతాడు. ఇక్కడ పిల్లలను నిద్రపుచ్చి, తలుపు దగ్గరగా వేసి, హెడ్‌సెట్ పెట్టుకుంటారు.