కుర్చీ కుదిరితేనే కులాసా!

కారు గతుకులో పడితే ఆ దెబ్బ ముందు టైరుకి తగులుతుంది. తర్వాత స్ప్రింగులు కాస్త కాచుకుంటాయి. మిగిలిందే మన నడుముదాకా వస్తుంది. మరి పడవకో? టైర్లుండవు, స్ప్రింగులుండవు. అల ఎత్తి కుదేసిందంటే ఆ దెబ్బ తిన్నగా సరంగు వెన్నుపూసకే! మధ్యలో అడ్డుండేది ఒక్కటే... కుర్చీ.

ఇంగ్లండు దక్షిణ తీరంలోని సౌతాంప్టన్, లిమింగ్టన్ లాంటి రేవుల్లో చలికాలం వచ్చిందంటే చాలా మోటారు యాట్‌లు ఒడ్డెక్కుతాయి. ఇంజిన్లతో నడిచే ఈ షికారు పడవలకి అది మరమ్మతుల కాలం. ఇంజిన్ సర్వీసింగు, అడుగున రంగులు... ఆ పనుల్లోనే చుక్కాని దగ్గరి పాత సీటు తీసేసి కొత్తది వేయడమూ ఒకటి. నాలుగు బోల్టులు విప్పి, మళ్లీ నాలుగు బిగిస్తే సరి అనిపిస్తుంది. కానీ అసలు కథ అక్కడే ఉంది.

నడుము చెప్పే నిజం

వేగపు పడవలు నడిపే అమెరికా నౌకాదళ ప్రత్యేక సిబ్బంది గాయాల మీద 2000లో ఓ అధ్యయనం వచ్చింది. అందులో నడుం దెబ్బలదే మొదటి స్థానం. మోకాళ్లు, భుజాలు ఆ తర్వాతే. పనిచేసేచోట ఒంటికి తగిలే కుదుపులకి యూరోపియన్ యూనియన్ 2002లో పరిమితులు పెట్టింది. బ్రిటన్ 2007లో వాటిని నౌకల సిబ్బందికీ వర్తింపజేసింది. సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడే అక్కడి ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ టామర్, షానన్ రకం లైఫ్‌బోట్లలో కుదుపుల్ని మింగేసే సీట్లు అమర్చింది. అవి 25 నాట్లు, అంటే గంటకి సుమారు 46 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తాయి మరి!

సరదాకి సొంత యాట్ నడుపుకునేవారికి ఉద్యోగుల కోసం పెట్టిన ఆ పరిమితులు వర్తించవు. అలలు మాత్రం వర్తిస్తాయి!

ముందు కొలత, తర్వాతే కోత

కూర్చుంటే పాదాలు నేలకో పీటకో ఆనాలి. ముందుకి వంగకుండానే స్టీరింగు, థ్రాటిల్ అందాలి. వేగం పుంజుకునేటప్పుడు పడవ ముక్కు పైకి లేస్తుంది. అప్పుడూ ఎదురుగా ఉన్నది కనిపించాలి. చుట్టూ ఏముందో ఎప్పుడూ కనిపెడుతూ ఉండాలని 1972 నాటి అంతర్జాతీయ సముద్రయాన నిబంధనల్లో అయిదోది చెబుతోంది. అందుకే అనుభవజ్ఞులు ముందు అట్టలతోనో ప్లైవుడ్డుతోనో ఉత్తుత్తి సీటు చేసి, కూర్చుని చూసుకుంటారు. స్ప్రింగుల సీటయితే నడిపేవారి బరువుకి తగ్గట్టు సర్దాలి. లేదంటే అడుగంటా దిగిపోయి ఠప్పున కొట్టుకుంటుంది. అప్పుడు మామూలు సీటే నయమనిపిస్తుంది!

కన్నం వెనక కథ

చాలా పడవల్లో డెక్ అంటే శాండ్‌విచ్చే. పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో తేలికైన బాల్సా చెక్కో, ప్లైవుడ్డో, ఫోమో ఉంటుంది. సరిగా మూయని స్క్రూ కన్నంలోంచి నీరు దిగితే లోపలి చెక్క కుళ్లిపోతుంది. పైన చూస్తే తళతళ, లోపలంతా గుల్ల! పాత సీటు విప్పినప్పుడు తడిసి నల్లబడ్డ చెక్కపొడి రాలిందంటే, ముందు డెక్ బాగుచేయాల్సిందే.

కొత్త కన్నం వేసేముందు కింద ఇంధనం ట్యాంకు, వైర్లు లేవని చూసుకోవాలి. కావాల్సినదానికన్నా పెద్ద కన్నం వేసి, అంచుల్లోని చెక్కని కాస్త తొలిచి, ఎపాక్సీతో నింపుతారు. అది గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకి సరిపడా కన్నం వేస్తారు. అప్పుడిక నీరు చెక్కని తాకదు. స్క్రూలు చాలవు. డెక్ ఈ పక్కనుంచి ఆ పక్కకి దిగే స్టీలు బోల్టులు, వాటికింద బలాన్ని పంచే వెడల్పాటి పలక ఉండాలి. సీటు కాలు అల్యూమినియమైతే స్టీలుతో నేరుగా కలవకుండా మధ్యలో పూత పూయాలి. ఉప్పునీటిలో ఆ రెండూ తాకితే అల్యూమినియం తినేసినట్టయిపోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే... బోల్టులు ఊడితే సీటుతోపాటు సరంగూ ఎగిరిపడతాడు. నడిపేవాడు లేని పడవ అదే వేగంతో పోతూనే ఉంటుంది. నడిపేవారు పక్కకి పడగానే ఇంజిన్ ఆగిపోయేలా చేసే కిల్ కార్డ్ తాడు ఉన్న పడవల్లో, దాన్ని తగిలించుకోమనేదీ అందుకే.

యాట్ ఎక్కినవాళ్లంతా కొత్త సీటు మెత్తదనాన్నే మెచ్చుకుంటారు. అల ఎత్తేసినప్పుడు కాపాడేది మాత్రం, డెక్ కింద ఎవరికీ కనపడని ఆ పలకే!