హుక్కా చల్లారింది... వెండి తీగ మిగిలింది!

కుల్కచర్లలో బస్సెక్కి పరిగి మీదుగా వికారాబాద్ చేరితే అక్కడి జంక్షన్లో రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి తాండూరు మీదుగా వాడికి. రెండోది జహీరాబాద్ దాటి బీదర్‌కు. ఒకప్పుడు దక్కన్‌లో దర్జాగా పొగ తాగాలనుకున్నవాళ్ల చూపంతా ఈ రెండో దారి చివరున్న ఊరి మీదే ఉండేది.

రచ్చకట్ట మీద కూర్చున్న తాతకి చుట్టో, బీడీయో, మట్టి చిలుమో చాలు. దివాణంలో అలా కుదరదు కదా! అక్కడ హుక్కా కావాలి. పైన నిప్పులూ పొగాకూ పెట్టే చిలుం, కింద నీళ్లుండే కుండ, పక్కనుంచి పాములా మెలికలు తిరిగే గొట్టం. పొగ నీళ్లలోంచి గుడగుడమంటూ వచ్చి నోటికి చేరాలి. అతిథుల కళ్లన్నీ ఆ కుండ మీదే. నల్లటి లోహం మీద వెండి పూలతో ఆ కుండను చేసిపెట్టినవాళ్లే బీదర్ పనివాళ్లు. ఊరి పేరే పనికీ వచ్చింది... బిద్రీ!

పొగాకు మన దేశపు మొక్క కాదు. పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. అక్బరు పంపగా బీజాపూర్ వెళ్లిన అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్కడ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. తిరిగి వెళ్తూ, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా తీసుకెళ్లి పాదుషా ముందు పెట్టాడు. అది 1600ల తొలి సంవత్సరాల మాట. అక్బరు రెండు దమ్ములు లాగాడు. హకీము వద్దని అడ్డుపడ్డాడు. అసద్ బేగ్ వాదనకు దిగాడు. ఆ తర్వాత 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. ఎవరు విన్నారు గనుక!

అలా పొగ తాగడం పెరిగేకొద్దీ హుక్కా కుండకు గిరాకీ పెరిగింది. పదిహేడో శతాబ్దపు బిద్రీ కుండలు బంతిలా గుండ్రంగా ఉండేవి. కింద చుట్టకుదురు లాంటిది లేకపోతే నిలబడవు. పద్దెనిమిదో శతాబ్దానికి అడుగు వెడల్పై, కుండ గంట ఆకారంలోకి వచ్చింది. దొర్లిపోయే బెడద తీరింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ వస్తువులు చూసేవారు నగిషీతో పాటు ఆకారాన్నీ గమనిస్తే, ఏది ముందుదో ఏది వెనకదో కొంత పోల్చుకోవచ్చు.

ఇంతకీ ఆ నలుపు ఎక్కడిది? అసలు విద్య అంతా అక్కడే ఉంది. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి కరిగిస్తారు. ఆముదం, గుగ్గిలం కలిపి పదును చేసిన మట్టి అచ్చులో పోస్తారు. బయటికొచ్చే వస్తువు బూడిద రంగులో, చూడ్డానికి ఏమంత బాగుండదు. ఆకురాయితో నునుపు చేసి, పైన మైలుతుత్తం నీళ్లు పూస్తారు. అప్పుడొచ్చే నలుపు గీత కనబడడానికి మాత్రమే, నిలిచేది కాదు. దాని మీద చేతి వాటంతో పూలు, తీగలు గీసి, సన్నటి ఉలులతో చెక్కి, ఆ గాళ్లలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో కొడతారు. మళ్లీ రుద్దితే అంతా తెల్లబడుతుంది. వెండి ఏదో, జింకు ఏదో తెలియదు!

అప్పుడు రంగంలోకి దిగుతుంది బీదర్ కోట మట్టి. కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా తగలని చోటి మట్టి అది. నవసాగరంతో కలిపి నీళ్లలో మరిగించి వస్తువును అందులో ముంచితే, జింకు కాటుకలా నల్లబడుతుంది. వెండికి మాత్రం మచ్చ కూడా అంటదు. చివర నూనె పట్టిస్తే సరి. నలుపు అంతకంతకూ నిగ్గు తేలుతుంది.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు కూడా బిద్రీ వెళ్లింది. దొరలు మెచ్చుకున్నారు. కానీ బతుకు తెరువు మెప్పులతో గడవదు. హుక్కా వెలిగించాలంటే నిప్పులు కావాలి, నీళ్లు కావాలి, అందించే నౌకరు కావాలి. సిగరెట్టుకు అగ్గిపుల్ల చాలు. 1930లో హైదరాబాద్‌లోనే వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఏర్పడింది. చార్మినార్ సిగరెట్టు ఆ కంపెనీదే. 1948లో నిజాం పాలన పోయింది. 1956లో బీదర్ మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. కొనే నవాబులు లేరు, చిరకాలపు బజారు ఏమో సరిహద్దుకు ఇవతల ఉండిపోయింది.

పొగ సరంజామా మీద బతికేవారికి కాలం మారితే చేతిలోని వస్తువునూ మార్చక తప్పదు. టోక్యో అసాకుసాలో 1936లో మొదలైన సుగే కంపెనీ కథా అలాంటిదే. ముందు సిగరెట్ హోల్డర్లు చేసినవాళ్లు, తర్వాత చెక్క పైపుల వైపు మళ్లి వాటితోనే ప్రపంచంలో పేరు తెచ్చుకున్నారు. వాళ్లు పొగను వదల్లేదు. బీదర్‌వాళ్లు దాన్ని దాదాపు వదిలేశారు. అదే ఉలి, అదే వెండి తీగ... కుండ బదులు పూలకూజాలు, పెట్టెలు, పళ్లేలు, గాజులు, ఈ మధ్య పెన్‌డ్రైవ్‌లు కూడా. మధ్యలో కొన్నాళ్లు యాష్‌ట్రేలు చేశారు. హుక్కాను చంపిన సిగరెట్టుకే ఊడిగం అన్నమాట!

2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. తండ్రి దగ్గర పని నేర్చిన బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే అటు కర్ణాటక, ఇటు తెలంగాణ హుక్కా కేంద్రాలను నిషేధించాయి. బీదర్ పనివాళ్లకు దాంతో పోయిందేమీ లేదు. వాళ్ల దిగులు వేరే. వెండి ధర ఒకటి. రోజంతా వంగి కూర్చుని ఉలి పట్టే పిల్లలు దొరకకపోవడం ఇంకొకటి. అన్నిటికీ మించి ఆ మట్టి! కోటేమో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఎండా వానా ఎరగని మూలలు ఎన్నని ఉంటాయి? తవ్వినకొద్దీ తరిగేదే తప్ప కొత్తగా పుట్టేది కాదు.

పైగా అందులోనూ అన్నీ పనికిరావు. మట్టిని ఎంచడానికి పనివాళ్ల దగ్గర యంత్రాలేం లేవు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటారు. రుచి తెలిసిన నాలుక సరేనంటేనే అది కుండలోకి వెళ్తుంది. లేదంటే ఆ తట్ట పక్కన పారబోసి, ఇంకో మూలన తవ్వుతారు.