బంగారు రథము, చిన్నాన్న తెడ్డు

2022 మే నెల 10వ తేదీన అసాని తుఫాను మన తీరాన్ని అల్లాడిస్తున్న వేళ శ్రీకాకుళం జిల్లాలో ఒక వింత జరిగింది. సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవు దగ్గర, బంగారు రంగులో మెరిసిపోతున్న ఒక రథం అలలమీద ఊగుతూ వచ్చింది. మనుష్యులు లేరు, నడిపేవారు లేరు. మత్స్యకారులు తాళ్లు కట్టి దానిని ఒడ్డుకు లాగారు. చుట్టుప్రక్కల ఊళ్లనుండి జనం తండోపతండాలుగా తరలివచ్చారు. నిజమైన బంగారమేమోనని కొందరు, సినిమావాళ్లు వదిలేసినదేమోనని కొందరు అనుకున్నారు.

ఆ దినాల్లో మేము హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాము. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నారు. టీవీలో ఆ రథాన్ని చూచి మా మనవడు, "తాతయ్యా, దీనికి డ్రైవరు లేడు కదా, మరి ఎలా వచ్చింది?" అని అడిగాడు. అందరమూ నవ్వాము. కాని మా నవ్వు ఎంతోసేపు నిలువలేదు. ఎందుకంటే ఇలాంటి ప్రశ్నే చాలా ఏళ్ల క్రితం మా ఇంట్లో మరొకరు అడిగారు.

అది 1980ల నాటి సంగతి. కార్తీకమాసంలో మా చిన్నాన్న తెప్పమీద వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఊరివారు తెప్పలు వేసుకొని రెండు దినాలు వెదికారు. ఆ కాలంలో నీరు దక్షిణానికి లాగుతుందని పెద్దలకు తెలుసు. అయితే ఎంత దూరం లాగుతుంది, ఎంతసేపటికి ఎక్కడికి చేరుస్తుంది అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. అయిదవ దినాన నాలుగు ఊళ్ల అవతల ఒక తెడ్డు ఒడ్డుకు కొట్టుకొచ్చిందని కబురు వచ్చింది. దాని పిడిమీద చిన్నాన్న కత్తితో చెక్కుకున్న గుర్తు ఉంది. పిన్ని ఆ తెడ్డును ఒడిలో పెట్టుకొని, "ఇది ఎక్కడినుండి వచ్చిందో చెప్పండి, అక్కడికి వెళ్దాము" అని అడిగింది. ఆమెకు జవాబు చెప్పినవారు లేరు.

మనవడి ప్రశ్న విని మా అల్లుడు ఒక సంగతి చెప్పాడు. "మామయ్యా, దీనిని లెక్క కట్టేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు" అన్నాడు. మేము నమ్మలేదు. సముద్రమెక్కడ, హైదరాబాదు ఎక్కడ! కాని అది నిజమే. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది, 1999లో, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఏర్పడింది. ఇన్‌కాయిస్ అని పిలిచే ఈ ప్రభుత్వ సంస్థ కూకట్‌పల్లి అవతల ప్రగతినగర్‌లో ఉన్నది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తరువాత, 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరికలు చేసే కేంద్రం కూడా ఇక్కడే పనిచేస్తున్నది. చేపలు ఎక్కడ ఎక్కువగా దొరకవచ్చునో మన మత్స్యకారులకు తెలిపేదీ ఈ సంస్థే.

వీరు 2016లో సరాట్ అనే ఒక సాధనాన్ని అందుబాటులోకి తెచ్చారు. సముద్రంమీద తప్పిపోయిన మనిషి గాని, పడవ గాని, వస్తువు గాని ఎటు కొట్టుకుపోతుందో అది కంప్యూటరుమీద లెక్కవేస్తుంది. నీటిలో తేలే ప్రతిదానినీ రెండు శక్తులు నడిపిస్తాయి. ఒకటి నీటి ప్రవాహం, రెండవది గాలి. మునిగి ఉన్న భాగాన్ని నీరు లాగుతుంది, పైకి కనబడే భాగాన్ని గాలి నెడుతుంది. అందుకే ఒకేచోట పడిన మనిషి, ఖాళీ పడవ, చెక్కపెట్టె ఒకే దారిన పోవు. సరాట్‌లో ఇలాంటి వస్తువుల రకాలు 60కి పైగా ఉన్నాయి. వెదకవలసిన ప్రాంతాన్ని అది పటంమీద గుర్తించి చూపిస్తుంది.

ఇప్పుడు ఆ రథం సంగతి ఆలోచించండి. అది బంగారం కాదు, బంగారు రంగు మాత్రమే. గోపురంలాంటి దాని ఆకారం, దానిమీద ఉన్న విదేశీ లిపి చూచి, మయన్మార్, థాయిలాండ్, మలేషియా వంటి తూర్పు దేశాలనుండి వచ్చి ఉంటుందని అనేకులు భావించారు. పోలీసులు ఇంటెలిజెన్స్ శాఖకు కబురు చేశారు. అసాని తుఫాను పుట్టినది దక్షిణ అండమాన్ సముద్రం దాపున. అక్కడినుండి వాయవ్యంగా కదలి మే 11న మచిలీపట్నం దగ్గర తీరం చేరింది. మన ప్రాంతంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. కాబట్టి తుఫానుకు ఉత్తరాన ఉన్న ఊళ్లకు తూర్పుగాలి వీస్తుంది. నీటిపైన ఎత్తుగా నిలిచిన రథానికి ఆ గాలి తెరచాప ఎత్తినట్టే పనిచేస్తుంది. డ్రైవరు గాలే!

మనకు ఇతరుల వస్తువులు వచ్చినట్టే, మనవీ ఇతరుల ఒడ్డుకు చేరుతాయి. 2023 జూలైలో ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ తీరానికి పెద్ద పీపాలాంటి లోహపు వస్తువు ఒకటి కొట్టుకొచ్చింది. అక్కడి పోలీసులు ఎవరినీ దగ్గరకు రానీయకుండా కాపలా ఉన్నారు. చివరకు అది మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడవ దశ భాగం కావచ్చునని ఆ దేశపు అంతరిక్ష సంస్థ తెలిపింది. శ్రీహరికోటనుండి ఎగిరే రాకెట్టు ముక్క అంత దూరాన తేలింది! అదే ఏడాది సెప్టెంబరు చివరలో విశాఖ తీరానికి ఒక పెద్ద చెక్కపెట్టె వచ్చినప్పుడు జనం నిధి ఉందని ఎగబడ్డారు. తెరచి చూస్తే చెక్కలు తప్ప ఏమీ లేవు.

కనుక తీరగ్రామాల్లోని మన కుటుంబాలకు మా మనవి ఒకటే. తెలియని వస్తువు ఒడ్డుకు వస్తే ముట్టవద్దు, పగులగొట్టవద్దు, పిల్లలను దగ్గరకు పోనివ్వవద్దు. పోలీసులకు తెలియజేయండి. లోపల ఇంధనమో, విషపదార్థమో ఉండవచ్చును.

దానికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. వేటకు వెళ్లేవారు ఏ రేవునుండి, ఏ వేళకు, ఏ దిక్కుకు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఇంట్లోనివారు దానిని ఒక కాగితంమీద వ్రాసి ఉంచండి. ఎంత మంచి కంప్యూటరైనా మొదట అడిగేది, చివరిసారి ఎక్కడ కనబడ్డారు, ఎప్పుడు కనబడ్డారు అనే. ఆ రెండు మాటలూ లేకపోతే లెక్క మొదలుకాదు. రావలసిన వేళకు రాకపోతే తెల్లవారనిద్దామని కూర్చోకుండా వెంటనే 1554 నంబరుకు ఫోను చేయండి. అది కోస్ట్ గార్డు వారి ఉచిత నంబరు. గంట ఆలస్యమయ్యేకొద్దీ వెదకవలసిన మేర పెరిగిపోతుంది.

చిన్నాన్న ఏ వేళకు బయలుదేరాడో ఆనాడు మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. తెల్లవారుజామున అని పిన్ని, అర్ధరాత్రి దాటాక అని నానమ్మ చెప్పారు. ఆ తెడ్డు ఇప్పటికీ మా ఇంటి దూలానికి కట్టి ఉన్నది. ఈసారి సెలవులకు మనవడు వచ్చినప్పుడు దానిని క్రిందికి దించి చూపించాము. వాడు పిడిమీది గుర్తును వ్రేలితో తడిమి, "ముత్తాత వెళ్లేముందు టైము చెప్పి ఉంటే దొరికేవాడేమో కదా, తాతయ్యా" అన్నాడు.

అవునని చెప్పాము.