సైకిలు బరువెక్కిందా? ముందు పళ్ళు లెక్కపెట్టండి!

"ఇంక నా వల్ల కాదే! మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఈ సైకిలు ఎవరికైనా అమ్మేస్తాను."

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా పెదనాన్నగారి అమ్మాయి నాతో అన్న మాట ఇది. అక్కకి నలభై మూడేళ్ళు. వాళ్ళది కడియం పక్కన ఊరు. రోజూ ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ కడియపులంక వెళ్ళి నర్సరీలో అంట్లు కడుతుంది. పదకొండేళ్ళుగా అదే సైకిలు, అదే కాలవగట్టు. అలాంటి మనిషి రెండు నెలలుగా సెంటర్లో ఆటో కోసం నిలబడుతోంది. ఆటో నిండితేగానీ కదలదు. ఆలస్యమైతే కూలీలో కోత. పైగా రానూపోనూ చార్జీలు!

బావగారైతే తేల్చి చెప్పేశారు. "మీ అక్కకి వయసైపోయిందమ్మా. పని మానేసి ఇంటిపట్టున ఉండమంటున్నాను."

అక్క ఏమీ అనలేదు. చాటలో బియ్యం ఏరుతూ తల దించుకుంది.

నాకు మనసొప్పలేదు. "ఒక్కసారి ఇలా ఇవ్వవే" అని సైకిలు తీసుకుని కాలవ వంతెన దాకా వెళ్ళొచ్చాను. నిజమే, బండ బరువు! వంతెన ఎక్కేసరికి నాకూ ఆయాసం వచ్చింది. "ఈ మధ్య ఏమైనా రిపేరు చేయించావా?" అనడిగితే, "దీపావళి ముందు వెనక ఫ్రీవీలు పోయింది, కొత్తది వేయించాను" అంది.

పెరట్లో కూర్చుని ఒక పన్నుకి సుద్దముక్కతో గుర్తుపెట్టి, ఒక్కొక్కటే లెక్కపెట్టాం. పదహారు! ఇనప సామానువాడికి వేద్దామని అక్క దాచిన పాత ఫ్రీవీలు తీసి లెక్కపెడితే పద్దెనిమిది! అరిగిపోయింది అక్క మోకాళ్ళు కాదు, తగ్గింది సైకిలు పళ్ళు. ఆ రెండు పళ్ళకే ఒక మనిషి పని మానుకునేదాకా వచ్చింది చూశారా!

రేవు మెట్ల లెక్క

పళ్ళకీ బరువుకీ సంబంధం ఏమిటంటారా? గోదావరి రేవులో మెట్లు ఎక్కుతాం కదా. మెట్టు ఎత్తుగా ఉంటే అడుగులు తక్కువే పడతాయి గానీ, ఒక్కో మెట్టుకీ మోకాలి మీద చెయ్యి వేసుకోవాల్సిందే. పొట్టి మెట్లయితే అడుగులు ఎక్కువ, శ్రమ తక్కువ. చేరే గట్టు మాత్రం ఒకటే.

సైకిలూ అంతే. పెడల్ దగ్గర ఉండే పెద్ద పళ్ళచక్రం చైన్‌వీలు. వెనక చక్రం మధ్యలో ఉండే చిన్నది ఫ్రీవీలు. వెనక పళ్ళు తక్కువైతే ఎత్తు మెట్టు, ఎక్కువైతే పొట్టి మెట్టు. మన సాదా సైకిళ్ళలో చాలావాటికి ముందు 44 గానీ 48 గానీ పళ్ళుంటాయి. వెనక సాధారణంగా 18 ఉంటాయి. మీ సైకిలుకి ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టుకోవడం మంచిది.

ముందు 44 పళ్ళు, 26 అంగుళాల చక్రం ఉన్న లేడీస్ సైకిలు పెడల్ ఒక్క చుట్టు తిప్పితే ఎంత దూరం వెళుతుందో చూడండి.

వెనక 16 పళ్ళయితే: సుమారు 5.7 మీటర్లు
18 పళ్ళయితే: సుమారు 5 మీటర్లు
20 పళ్ళయితే: సుమారు 4.5 మీటర్లు
22 పళ్ళయితే: సుమారు 4.1 మీటర్లు

"దూరం ఎక్కువ వెళితే మంచిదే కదా!" అనిపిస్తుంది. కానీ ఆ దూరం ఊరికే రాదు. 18 నుంచి 16కి మారితే ప్రతి తొక్కుకీ ఎనిమిదో వంతు బలం అదనంగా పెట్టాలి. పాత లెక్కలో చెప్పాలంటే రూపాయికి రెండణాలు! అదే 20కి మారితే పదో వంతు తగ్గుతుంది, 22కి మారితే ఇంచుమించు అయిదో వంతు తగ్గుతుంది.

మరి ఆలస్యం కాదా? అవుతుంది, కొంచెం. నిమిషానికి అరవై చుట్లు తొక్కారనుకోండి. ఆరు కిలోమీటర్లకి 18 పళ్ళతో ఇరవై నిమిషాలు పడితే, 20 పళ్ళతో ఇరవై రెండు. ఆ రెండు నిమిషాలకి మోకాళ్ళు సుఖపడతాయి!

ఎవరికి ఏది?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పారిన కాలవల గట్లే మన డెల్టాలో సైకిలు దార్లు. కొండలూ గుట్టలూ లేవు. ఎక్కుడు ఉంటే కాలవ వంతెన దగ్గరో, ఏటిగట్టు దగ్గరో. అది కాక మనల్ని ఏడిపించేది ఎదురుగాలి, వానాకాలంలో నల్లరేగడి బురద, వెనక క్యారియరు మీద బరువు. వాటిని బట్టే ఎంచుకోవాలి.

* చదునైన తారురోడ్డు, బరువు లేదు, రోజూ అలవాటు: 18 చాలు.
* వెనక పిల్లాడో, బియ్యం మూటో, పాలక్యానో ఉంటుంది, దారిలో వంతెనలున్నాయి: 20 వేయించండి.
* మోకాళ్ళ బాధ ఉంది, గట్టు ఎక్కి దిగాలి, బరువూ మోయాలి: 22 అడగండి.
* 16 పళ్ళది ఒంటరిగా, జోరుగా తొక్కే కుర్రకారుకి వదిలేయండి.

ముందు చక్రానికి 48 పళ్ళుంటే తొక్కుడు మరింత బరువుగా ఉంటుంది కాబట్టి వెనక ఒక మెట్టు పైది తీసుకోండి. చైన్‌వీలు మార్చే పని పెట్టుకోకండి. అది చాలా సైకిళ్ళకి కుడి క్రాంకుతో కలిసే వస్తుంది, ఖర్చూ పనీ ఎక్కువ. ఫ్రీవీలు మారిస్తే సరిపోతుంది.

"అయితే గేర్ల సైకిలే కొనుక్కుంటే పోలా?" అంటారేమో. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో తిరగాలంటే కొనుక్కోవాల్సిందే. మన చదును నేల మీద సరైన పళ్ళున్న ఒక్క ఫ్రీవీలుతో పని జరిగిపోతుంది. పైగా గేర్ల సైకిలుకి సామాన్లు ఎక్కువ, బురద పట్టుకుంటే మొరాయింపు ఎక్కువ. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి తుప్పు సంగతి మీకు నేను చెప్పాలా!

మార్చాల్సిన సమయం వచ్చిందా?

పిల్లల స్కూలు స్కేలు తీసుకోండి. టైలరింగ్ టేపు వద్దు, సాగుతుంది. చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం ఉండాలి. అంటే ఇరవై నాలుగు సందులకి పన్నెండు అంగుళాలు. మొదటి పిన్ను సున్నా దగ్గర పెట్టి చూడండి. ఇరవై అయిదో పిన్ను పన్నెండు దాటి ఒక నూలు, అంటే మూడు మిల్లీమీటర్లు, ముందుకి పోయిందంటే చైను పని అయిపోయింది. ఫ్రీవీలు పళ్ళు కొక్కేల్లా ఒక పక్కకి వంగి ఉన్నా, గట్టిగా తొక్కినప్పుడు చైను 'టక్'మని జారుతున్నా ఆలస్యం చేయకండి. వంతెన మీద జారితే పడిపోతారు.

చైను బాగా సాగిపోతే ఫ్రీవీలు కూడా కలిపి మార్చండి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను కూర్చోదు. సాగిన చైను కొత్త పళ్ళని త్వరగా తినేస్తుంది.

షాపులో ఇలా అడగండి

1. "ఫ్రీవీలు వేయండి" అనకండి. "ఇరవై పళ్ళ ఫ్రీవీలు వేయండి" అనండి. వేసే ముందు చేతికి తీసుకుని లెక్కపెట్టండి. చీర కొనేటప్పుడు కొంగు విప్పి చూడమూ? ఇదీ అంతే!

2. పళ్ళు పెరిగితే పాత చైను కొంచెం పొట్టి అవుతుంది. రెండు పళ్ళకి వెనక చక్రం పావు అంగుళం ముందుకి జరిపితే సరిపోతుంది. నాలుగు పళ్ళు పెరిగితే అర అంగుళం జరపాలి, లేదా చైనుకి ఒక అంగుళం ముక్క కలపాలి.

3. చక్రం జరిపాక బ్రేకు కట్టలు రిమ్ముకి సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడమనండి.

4. పెద్ద ఫ్రీవీలు చైను కవరుకి రాసుకుంటుందేమో చూడండి. రాసుకుంటే కవరు సర్దించండి, అంతేగానీ తీసేయనివ్వకండి. చీర కుచ్చిళ్ళూ, పిల్లల చున్నీలూ చైనులో పడకుండా కాపాడేది అదే.

5. గేర్ల సైకిళ్ళ చైను సన్నంగా ఉంటుంది. అది సాదా సైకిలు పళ్ళ మీద సరిగ్గా కూర్చోదు.

6. పని అయ్యాక చైను మధ్యలో వేలితో కదిపితే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఆడాలి. మరీ బిగుతైనా తొక్కుడు బరువే.

ఇంకో మాట. కొబ్బరినూనెకి మనకి కరువు లేదు కదాని చైనుకి రాయకండి. కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టేస్తుంది. పాత గుడ్డతో చైను తుడిచి, మెషిన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి, పైన మిగిలింది తుడిచేయండి. సీటు కూడా చూసుకోండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు ఇంచుమించు చాపినట్టుండాలి. సీటు మరీ కిందికుంటే ఏ ఫ్రీవీలూ మోకాళ్ళని కాపాడదు. ఇవన్నీ సరిచేసినా నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

మళ్ళీ అక్క సంగతికి...

మర్నాడు ఇద్దరం షాపుకి వెళ్ళాం. "ఆయ్, ఆ రోజు పద్దెనిమిది లేదండి. పదహారుంటే వేసేశానండి. స్పీడొస్తదండి!" అన్నాడతను. పాపం, చెడు చేద్దామని చేసింది కాదు. మనం అడగలేదు, అతను చెప్పలేదు. ఈసారి అక్కే నోరు తెరిచి, "ఇరవై పళ్ళది ఉంటేనే వెయ్యి బాబూ, లేకపోతే రేపొస్తాం" అంది. రెండో రోజుకి తెప్పించి వేశాడు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది మంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. మగవాళ్ళ తోడు కోసం, బస్సు కోసం ఎదురుచూడక్కర్లేదన్న ధైర్యం వాళ్ళకి ఆ రెండు చక్రాలే ఇచ్చాయి. నేర్చుకోవడం ఒక ఎత్తు. నేర్చుకున్నది నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. ఎవరో "వయసైపోయింది" అన్నారని సైకిలు గోడకి చేరవేసే ముందు, ఒక్కసారి పళ్ళు లెక్కపెట్టుకోండి.

మొన్న అక్క ఫోన్ చేసింది. "వంతెన మీద దిగకుండా ఎక్కేస్తున్నానే" అంది. బావగారు ఏమంటున్నారని అడిగితే నవ్వేసింది. "ఆయన సైకిలుకి కూడా ఇరవై పళ్ళది వేయించమంటున్నారు!"