యంత్రం మనది, నిర్ణయం ఎవరిది?

2025 అక్టోబరు 14వ తేదీన ఏ కంప్యూటరూ చెడిపోలేదు. ముందునాడు మీట నొక్కితే వెలిగినది మరునాడూ వెలిగినది. దానిలో టైపుచేసి దాచిన ప్రశ్నపత్రాలు దాచినచోటనే ఉన్నవి. అయినప్పటికీ ఆ తేదీతో కోట్లాది యంత్రాలకు ఆయుర్దాయం తీరినట్లు అమెరికాలోని రెడ్మండ్ పట్టణం నుండి తీర్పు వెలువడినది. 2015 జూలైలో విడుదలైన విండోస్ 10కు ఆ దినం తరువాత భద్రతా సవరణలు ఉచితంగా పంపబోమని మైక్రోసాఫ్ట్ కంపెనీ ముందే ప్రకటించి, అన్నమాట ప్రకారం నిలిపివేసినది. క్రొత్తదైన విండోస్ 11కు మారుదామంటే, అందుకు టీపీఎం 2.0 అనే భద్రతా సాధనమూ, కంపెనీ జాబితాకెక్కిన ప్రాసెసరూ ఉండితీరవలెను. 2017కు పూర్వం తయారైన యంత్రాలలో అధికభాగానికి ఆ జాబితాలో చోటు లేదు.

విద్యార్థుల కొరకు ఇక్కడ ఒక్కమాట వివరించవలసి ఉన్నది. విండోస్ వంటిది కోట్లాది పంక్తులుగా వ్రాసిన ఆదేశాల సముదాయం. అంత పెద్ద రచనలో తప్పులు దొర్లక మానవు. వాటిలో కొన్ని దొంగలు చొరబడుటకు వీలైన సందులు. సందు బయటపడినప్పుడెల్లా వ్రాసినవారే దానిని పూడ్చి, ఆ మరమ్మతును ఇంటర్నెట్ ద్వారా మన యంత్రానికి పంపుతారు. మూలప్రతి కంపెనీవారి బీరువాలోనే ఉండుటచేత మరియొకరు పూడ్చుదామన్నా వీలులేదు. కనుక సవరణలు ఆగినవంటే యంత్రం ఆగినదని కాదు. ఇకమీదట తలుపు గడియ ఊడినా వడ్రంగి రాడని అర్థం.

ఉప్పల్ కూడలి దాటి వరంగల్ రహదారి వెంట తూర్పుగా సాగితే పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి వరుసగా తగులుతవి. ఒకనాటి పల్లెలే; నేడు నగరం వీటిని దాటి పోచారం వరకు పోయి, అక్కడ ఇన్ఫోసిస్ వారి విశాల ప్రాంగణం వద్ద కాస్త ఊపిరి పీల్చుకొన్నది. ఆ ప్రాంగణంలో యంత్రాలు మార్చవలసివస్తే ఒక అధికారి సంతకం చాలును. ఇటువైపు సందులలోని చిన్న బడి సంగతి వేరు. అక్కడ కంప్యూటరు గది అంటే, ఏదో ఆఫీసు వాడి వదిలినవి రెండు, వాయిదాలలో కొన్నవి నాలుగు. పదేండ్ల బల్లను బడి పారవేయదు; కాలు విరిగితే మేకు కొట్టించుకొంటుంది. పదేండ్ల కంప్యూటరు అక్షరాలు చూపగలిగినంతకాలం దానినీ అట్లే వాడుకొనవచ్చునని నమ్మి కొన్నవారిని అమాయకులనుట న్యాయం కాదు. 2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు సభలో మాట్లాడుతూ, ఇదే ఆఖరి విండోస్ అని చెప్పియున్నారు కూడాను.

ఇదే రహదారిపై 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి పైవంతెన ఏండ్ల తరబడి స్తంభాలుగానే నిలిచిపోయినది. దానిని గూర్చి అడుగుటకు శాసనసభ్యులున్నారు, ఇంజనీర్ల కార్యాలయమున్నది, పత్రికలున్నవి. ఏమీ లేకున్నా గుంతలో చక్రం పడినప్పుడు తిట్టుకొనుటకు ఒక పేరున్నది. రెడ్మండు నిర్ణయాన్ని గూర్చి మేడిపల్లి మాస్టారు ఎవరిని అడుగవలె?

“అక్కడ ఉన్నది మనవాడే కదా” అని కొందరు మిత్రులు ఓదార్చుతారు. నిజమే. 2014 ఫిబ్రవరి నుండి ఆ కంపెనీ పగ్గాలు సత్య నాదెళ్ల గారి చేతిలో ఉన్నవి. ఆయన హైదరాబాదులో జన్మించి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివినారు. మనకు గర్వకారణమే. అయితే మనవాడు అధిపతి అయినంతమాత్రాన నిర్ణయం మనది కాదు. ఆయన జవాబు చెప్పుకొనవలసినది వాటాదారులకు. వాటాదారులకు మన కంప్యూటరు గది చిరునామా తెలియదు.

నేను యంత్రద్వేషిని కాను. ఈ వ్యాసం కూడా కంప్యూటరు మీదనే వ్రాస్తున్నాను. నా శంక అల్లా, పెద్ద కంపెనీ ఇచ్చినది ఏ షరతుపై ఇచ్చినదో మనం చదువకుండా తీసుకొంటున్నామే అని. ముఖ్యంగా ఉచితమని ఇచ్చినది. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు ఎన్ని చిత్రాలైనా ఉచితంగా దాచుకొనవచ్చునన్నారు. బడి వార్షికోత్సవాలు, విహారయాత్రలు, బదిలీపై వెళ్లిన ప్రధానోపాధ్యాయుల సన్మానాలు అన్నీ అందులోకి చేరినవి. 2021 జూన్ 1 నుండి ఆ వరం ముగిసినది. పరిమితి దాటితే రుసుము. అంతకుముందు 2013 జూలైలో, వాడేవారు తగ్గినారన్న కారణంతో గూగుల్ రీడర్ అనే సదుపాయాన్ని ఎత్తివేసినారు. తెలుగు బ్లాగులు జోరుగా వెలువడిన ఆ కాలంలో ఎక్కడెక్కడి రచనలనూ ఒకచోట చదువుకొనుటకు అది అనువుగా ఉండేది. కూడలి, జల్లెడ వంటి తెలుగువారి సంకలన స్థానాలు ఉండెను గాని, ప్రపంచమంతటి రచనలనూ తన అభిరుచికి తగినట్లు పేర్చుకొన్న పాఠకునికి అవి దానికి ప్రత్యామ్నాయం కాలేదు.

ఈ కంపెనీల దృష్టిలో మన భాష స్థానమెట్టిదో తెలుసుకొనుటకు 2018 ఫిబ్రవరి నాటి ఉదంతం కంటె మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఆ నెలలో ఆపిల్ వారి ఐఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూచి మూర్ఛపోయినవి. ‘జ్ఞా’ అనే అక్షరం. జకారం, హల్లు గుర్తు, ఞకారం, ఆ తరువాత కంటికి కనబడని ఒక విడదీత సంకేతం, చివర దీర్ఘం: ఈ వరుసలో కూర్చిన అక్షరం సందేశంగా వచ్చినచో, దానిని చూపబోయిన సాధనం అక్కడికక్కడే కుప్పకూలేది. మరల తెరిస్తే మరల అదే సందేశం, మరల అదే పతనం. ఆకతాయిలు దీనిని ఆటగా చేసుకొని లోకమంతా పంపినారు. తెలుగు చూచి ఎరుగని దేశాలలో సైతం జనులు తెలుగును తమ ఫోనుకు పట్టిన తెగులుగా భావించినారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే సవరణ పంపి ఆపిల్ దీనిని చక్కదిద్దినది.

తప్పు ఎవరికైనా దొర్లును. దిద్దుటలో ఆలస్యం కూడా పెద్దగా జరుగలేదు. కాని ఒక్క విషయం ఆలోచించండి. ‘జ్ఞా’ అరుదైన సంయుక్తం కాదు. జ్ఞానం, జ్ఞాపకం, జ్ఞాతి, విజ్ఞానశాస్త్రం — ఏ తెలుగు బాలుడైనా ఆరవ తరగతి నాటికి నోట్‌బుక్కు అట్టమీద వ్రాసుకొనే అక్షరం. ఆ కనబడని సంకేతం కూడా ఎవరో కల్పించిన మాయ కాదు. అక్షరాలను కలిపి చూపవలెనా విడిగా చూపవలెనా అని తెలుపుటకు యూనికోడ్‌లోనే ఏర్పరచినది. ఫోను విడుదల చేయుటకు ముందు తెలుగు సంయుక్తాక్షరాలను అన్ని విధాలా కూర్చి పరీక్షించియుంటే ఇది బయటపడియుండేది. అదే తప్పు ఆంగ్లాక్షరాలలో ఉంటే ఆ ఫోను కర్మాగారపు గడప దాటేదా? కోట్లమంది మాట్లాడే భాష అయినను, పరీక్ష జాబితాలో చివరి పంక్తిగానే మిగిలినది.

అట్లని మనవారంతా మహనీయులని చెప్పబోవుట లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు అచ్చుపనికి అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు వాడేవారు. దేని అక్షరసంకేతాలు దానివే. ఒకదానిలో కూర్చినది అది లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు దర్శనమిస్తవి. ఆనాటి పాఠశాల సంచికల ప్రతులు ఈనాటికీ పలుచోట్ల ఆ బంధనంలోనే ఉన్నవి. ఈ చిక్కునుండి చాలావరకు బయటపడుటకు, 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఖతిని ఇచ్చిన ఆ మైక్రోసాఫ్టే తోడ్పడినదని ఒప్పుకొనకపోతే కృతఘ్నత అవుతుంది. నేను కంపెనీల జన్మస్థలాన్ని శంకించుట లేదు. తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న మేడిపల్లి పరిసరాలకు క్రొత్తది కాదు. ఇక్కడినుండి చెంగిచెర్ల మీదుగా వాయవ్యంగా పోతే చర్లపల్లి, ఆపైన ఈసీఐఎల్. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ఆ ప్రభుత్వ సంస్థ 1967 ఏప్రిల్ 11న ఏర్పడినది. సత్య నాదెళ్ల గారు పుట్టిన సంవత్సరం కూడా అదే కావడం చమత్కారం. దానిని తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు, నేటి ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేర వెలసినదే. ట్రాంబేలోని అణుశాస్త్రజ్ఞులు రూపొందించిన టీడీసీ–12 అనే కంప్యూటరు 1969లో వెలుగుచూచినది. దానినీ, తరువాతి టీడీసీ–312, టీడీసీ–316 యంత్రాలనూ ఈసీఐఎల్ తయారుచేసినది.

ఆ రోజులలో ఈ దేశంలో కంప్యూటరంటే ఐబీఎం. 1951 నుండి ఇక్కడ వ్యాపారం చేస్తున్న ఆ కంపెనీ యంత్రాలను ఎక్కువగా అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. ఇతర దేశాలలో వాడి తీసివేసిన 1401 యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకు త్రిప్పినారన్నది ఆనాటి ప్రధానమైన ఫిర్యాదు. 1973 నాటి విదేశ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకొనవలెనని ప్రభుత్వం పట్టుబట్టినది. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ బిగువు సడలించలేదు. ఐబీఎం లొంగలేదు, 1978లో దేశం విడిచి వెళ్లినది.

అప్పుడు వారి యంత్రాలమీద ఆధారపడిన ఆఫీసులు, కర్మాగారాలు, పరిశోధనాలయాలు ఏమి కావలె? ఇక్కడనే పాఠకులు కాస్త నిలిచి చూడవలె. కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే సంస్థను ప్రభుత్వం 1975లోనే నెలకొల్పియుండెను. పేరులోనే మరమ్మతు ఉన్నది. ఐబీఎం వదలిపోయిన యంత్రాల పోషణభారాన్ని ఆ సంస్థ తలకెత్తుకొన్నది. అనేక జాతుల యంత్రాలను విప్పి బిగించి నేర్చిన ఆ చేతులే తరువాత 1985లో న్యూఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరు మీదికి తెచ్చినవి. సీఎంసీగా పేరు కుదించుకొన్న ఆ సంస్థ 2001లో టాటాల పరమై, 2015లో టీసీఎస్‌లో లీనమైనది. ఐబీఎం కూడా 1992లో టాటాలతో జతకట్టి మరల వచ్చినది.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా వర్ణించుట నా ఉద్దేశం కాదు. ఈసీఐఎల్ యంత్రాలు ఖరీదైనవి, పోటీ లేకుండా పెరిగినవి. 1984 తరువాత దిగుమతుల తలుపులు తెరుచుకొనగానే వెనుకబడినవి. అయినను 1978లో ఒక మహాసంస్థ పెట్టె సర్దుకొని పోతే దేశంలో దీపాలు ఆరిపోలేదు. కారణం, పెట్టెలో ఏముందో తెలిసినవారు కొందరు ఇక్కడ ఉండుటే.

అడిగేవారున్నచోట కంపెనీల నిర్ణయాలు వంగుతవనుటకు విండోస్ 10 కథలోనే నిదర్శనం ఉన్నది. గడువు తరువాత మరి ఒక సంవత్సరం, అనగా 2026 అక్టోబరు 13 వరకు, సవరణలు కావలెనంటే సామాన్య వినియోగదారుడు 30 డాలర్లు చెల్లించవలె. లేదా తన అమరికలను కంపెనీవారి భాండాగారంలో భద్రపరచుకొనుటకు ఒప్పుకొనవలె. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు అభ్యంతరపెట్టగా, ఐరోపా ఆర్థిక ప్రాంతపు దేశాలకు మాత్రం 2025 సెప్టెంబరులో ఆ షరతులు సడలించి ఉచితమన్నారు. యంత్రం అదే, సందు అదే, మరమ్మతు అదే. అడిగినవానికి ఉచితం, అడుగనివానికి వెల. విద్యాసంస్థలకు మొదటి ఏడాదికి యంత్రానికొక డాలరు చొప్పున తగ్గింపు ధర ఉన్నదన్న సంగతి ఎన్ని చిన్నబడుల యాజమాన్యాల చెవిని పడినదో నాకు సందేహమే. ఆ ధర రెండవ ఏట రెండు డాలర్లు, మూడవ ఏట నాలుగు.

కేరళ మరొక దారి పట్టినది. 2001లో అక్కడి ప్రభుత్వం ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం ప్రారంభించి, కొన్ని ఏండ్లలోనే ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లన్నింటినీ లినక్స్ మీదికి మార్చినది. లినక్స్ మూలప్రతి బీరువాలో ఉండదు. ఎవరైనా చదువవచ్చును, దిద్దవచ్చును. అక్కడి ఉపాధ్యాయులే దానిని నేర్చి, నేర్పి, మలయాళంలో పాఠాలు చేసికొన్నారు. మనవద్ద హైదరాబాదులో స్వేచ్ఛ అనే బృందం లినక్స్‌కు తెలుగు రూపమిచ్చిన మాట నిజమే గాని, అది బడిగది వరకు రాలేదు. తల్లిదండ్రులు వర్డ్ నేర్పుతారా, ఎక్సెల్ నేర్పుతారా అని అడుగుతారు. వారి భయం అర్థం లేనిది కాదు. ఉద్యోగ ప్రకటనలలో ఉండే పేర్లు అవే.

సవరణలు ఆగిన యంత్రమొకటి మీ గదిలో మూలపడి ఉంటే, సెలవు దినాలలో దానిపై లినక్స్ ఎక్కించి చూడుడని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను. దానిలో తెలుగు టైపు చేయుటకు ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుస సిద్ధంగా ఉంటుంది. దానిని 1980లలో మన ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించగా, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించినది. విండోస్‌లోనూ అదే వరుస, లినక్స్‌లోనూ అదే; ఏ కంపెనీవారూ దానిని మార్చలేదు. ‘జ్ఞా’కు నాలుగు మీటలు చాలును. మొదటి వారం వాటిని వెదకికొనుటలో కొంత శ్రమ తప్పదు, అది మాత్రం ఏ వ్యవస్థలోనైనా ఒక్కటే.